కరేమా: ఫ్యాక్టరీ జీతం నిలబెట్టిన ద్రాక్ష కొండ

క్లుప్తంగా: ఇటలీ ఉత్తరాన ఆల్ప్స్ పాదం దగ్గరున్న కరేమా అనే చిన్న ఊరు, కొండను మెట్లుగా చెక్కి రాతి స్తంభాల మీద ద్రాక్ష పందిళ్లు వేసి బతికింది. ఆ తోటలు చాలావరకు అడవి పాలయ్యాయి. మిగిలినవి మిగలడానికి ప్రధాన కారణం పొరుగు పట్టణంలోని టైప్‌రైటర్ ఫ్యాక్టరీ. గోడలను మరమ్మతు చేసే చేతులు ఉన్నంత కాలమే ఇలాంటి ఊళ్ల వారసత్వం ఉంటుందని ఈ ఊరి చరిత్ర చూపిస్తుంది.

"ఇటలీలో ఒక్క యూరోకే ఇల్లు" అనే వార్త తెలుగు సైట్లలోనూ తరచూ కనిపిస్తుంది. 2019లో సిసిలీలోని సంబూకా అనే ఊరు పాడుబడిన ఇళ్లను ఒక యూరో నుంచి వేలం పెట్టాక ఈ కబురు ప్రపంచమంతా పాకింది. చదివినవాళ్లకు సహజంగానే ఒక సందేహం వస్తుంది. అంత అందమైన ఊళ్లను వదిలి జనం ఎందుకు పోయారు? ఇళ్లు చవగ్గా ఇస్తే మళ్లీ వస్తారా?

ఇటలీలో సుమారు 7,900 మున్సిపాలిటీలు ఉంటే, వాటిలో 5,500 దాకా 5,000 లోపు జనాభా ఉన్నవే. అన్నిటి కథా ఒకటి కాదు. సముద్రం ఒడ్డు ఊరికి పర్యాటకులు దొరుకుతారు, మైదానపు ఊరికి ట్రాక్టరు తిరిగే పొలం ఉంటుంది. ఎటూ కాకుండా ఇరుక్కున్నవి కొండపాదపు వ్యవసాయ గ్రామాలు. ఇక్కడ భూమి ఏటవాలు, కమతాలు చిన్నవి, పనంతా చేత్తోనే సాగాలి. మంచు ఆటల పర్యాటకం రావడానికి ఎత్తు చాలదు. అలాంటి ఊళ్లు ఎలా నిలిచాయో, ఎక్కడ సడలాయో తెలుసుకోవడానికి కరేమా మంచి ఉదాహరణ.

## కొండ మీదికి మోసిన మట్టి

కరేమా పియెమాంటే ప్రాంతంలో, టూరిన్‌కు ఉత్తరాన, ఆవోస్తా లోయ ముఖద్వారం దగ్గర ఉంది. జనాభా 800 లోపు. ఊరి కింద దోరా బాల్తెయా నది పారుతుంది, వెనక అర్ధచంద్రాకారంలో కొండ లేస్తుంది. ద్రాక్ష తోటలన్నీ ఆ కొండ ఒడిలో, సుమారు 300 నుంచి 600 మీటర్ల ఎత్తులో ఉన్నాయి.

ఈ నేల స్వభావం మంచుయుగం నాటిది. మాంట్ బ్లాంక్ వైపు నుంచి దిగిన పెద్ద హిమానీనదం ఈ లోయ గుండానే మైదానంలోకి వచ్చింది. అది మోసుకొచ్చి వదిలిన రాళ్లూ మట్టీ ఇవ్రేయా పట్టణం చుట్టూ కొండలుగా మిగిలాయి. అందులో సెర్రా అనే గట్టు దాదాపు 25 కిలోమీటర్ల పొడవున, గీత గీసినట్టు తిన్నగా సాగుతుంది. మైదానానికి మట్టి దక్కితే, లోయ ముఖద్వారానికి దక్కింది గీరుకుపోయిన బండ. కరేమా ఆ బండ మీద ఉంది.

అందుకే ఇక్కడ రైతు మొదట చేయాల్సిన పని నేలను తయారు చేసుకోవడం. కొండవాలుకు అడ్డంగా రాతి గోడ కట్టి, దాని వెనక ఖాళీని లోయ నుంచి బుట్టల్లో వీపున మోసుకొచ్చిన మట్టితో నింపారు. ఒక మడి అయ్యాక దాని పైన ఇంకో గోడ, ఇంకో మడి. కొన్నిచోట్ల రెండు మూడు వరసల ద్రాక్ష తీగలకు మించి పట్టనంత ఇరుకు మడులున్నాయి. ఏటా వానలకు జారిన మట్టిని కింది నుంచి మళ్లీ పైకి ఎత్తిపోయడం చలికాలపు పని.

సున్నం గానీ సిమెంటు గానీ లేకుండా రాళ్లను ఒడుపుగా పేర్చిన ఇలాంటి గోడల బలం వాటి సందుల్లోనే ఉంటుంది. వాన నీరు మట్టిలోకి ఇంకి, రాళ్ల సందుల్లోంచి మెల్లగా కిందికి జారుతుంది. సందులు మట్టితోనో వేళ్లతోనో మూసుకుపోతే నీరు వెనక నిలిచి గోడను ముందుకు నెడుతుంది. మొదట గోడ మధ్యలో చిన్న ఉబ్బు కనిపిస్తుంది. ఆ దశలో ఒకరోజు పనితో సరిచేయవచ్చు. పట్టించుకోకపోతే రెండు మూడు వానాకాలాలకు కొంత భాగం కూలుతుంది. కూలిన గోడ పైనున్న మడి కిందికి జారి, కింది గోడ మీద పడుతుంది. అంటే ఒక్కరి నిర్లక్ష్యం కొండ కింద దాకా అందరికీ చుట్టుకుంటుంది. ఈ గోడల నిర్మాణ విద్యను 2018లో యునెస్కో ఇటలీతో సహా మొత్తం ఎనిమిది దేశాల ఉమ్మడి వారసత్వంగా గుర్తించింది. గుర్తింపు దక్కింది కట్టే విద్యకు; కట్టేవాళ్లకు కూలి ఎవరివ్వాలన్నది వేరే లెక్క.

## రాతి స్తంభాల పందిరి

కరేమాను దూరం నుంచి చూసినవాళ్లు ముందు గుర్తుపట్టేది స్తంభాలను. మడి అంచుల వెంట రాతితో సున్నంతో కట్టిన, కింద లావుగా పైకి సన్నగా వచ్చే లేత రంగు స్తంభాలు వందల సంఖ్యలో నిలబడి ఉంటాయి. ఒక్కొక్కటి మనిషెత్తు పైచిలుకు ఉంటుంది. తల మీద పలక రాయి మూతలా పెడతారు. వీటిని అక్కడివాళ్లు పిలూన్ అంటారు. స్తంభం నుంచి స్తంభానికి, స్తంభం నుంచి గోడకు చెస్ట్‌నట్ కొయ్య వాసాలు వేసి, ద్రాక్ష తీగను వాటి మీదికి పాకిస్తారు. తీగను కట్టడానికి ఆనవాయితీగా వాడేది విల్లో చెట్టు సన్న రెమ్మలు. ఆ పందిరి పేరు తోపియా.

కొయ్య గుంజలతో తేలిగ్గా అయ్యే పనికి ఇంత బరువైన స్తంభాలెందుకు? కారణం చలి. ఇక్కడ పండించేది నెబ్బియోలో రకం. ఆలస్యంగా, అక్టోబరులో పండే ద్రాక్ష ఇది. ఆల్ప్స్ పాదంలో ఆ నెలకు రాత్రులు చల్లబడతాయి, కొండల నీడ పడి ఎండ తొందరగా తప్పుకుంటుంది. పగలంతా ఎండకు కాగిన స్తంభాలూ గోడలూ చీకటి పడ్డాక ఆ వేడిని నెమ్మదిగా వదులుతాయి. పందిరి కింద గాలి ఆ మేరకు గోరువెచ్చగా ఉంటుంది, కాయ పండడానికి అదనపు గడువు దొరుకుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పటి అనాబ్-ఎ-షాహీ తోటలు చూసినవారికి పందిరి సాగు కొత్త కాదు. అయితే అక్కడి పందిరి మండే ఎండ నుంచి కాయను కాపాడేది, కరేమా పందిరి చాలీచాలని ఎండను ఆకులన్నిటికీ పంచిపెడుతుంది.

పందిరికి ఇంకో ప్రయోజనం ఉండేది. తీగ తల మీద పరుచుకుంటే కింది నేల ఖాళీగా ఉంటుంది. పాతకాలంలో అక్కడ కూరగాయలు పెట్టుకునేవారు. చెస్ట్‌నట్ అడవి వాసాలనూ, చలికాలపు తిండినీ ఇచ్చేది. పశువులు ఎరువునిచ్చేవి. ద్రాక్ష ఒక్కటే పంట అనుకుంటే ఈ ఊరి పాత ఆర్థికం అర్థం కాదు. వైన్ నగదు పంట. మిగతావన్నీ నగదు ఖర్చు కాకుండా చూసే పంటలు.

## దారి పక్క ఊరు

ఇంత కష్టపడి ఈ బండ మీదే ఎందుకు సాగు చేశారంటే, ఊరి ముందు దారి ఉంది. రోమన్లు క్రీ.పూ. 100లో ఇవ్రేయాను స్థాపించి, ఆవోస్తా లోయ మీదుగా గాల్ దేశానికి, అంటే నేటి ఫ్రాన్స్ వైపుకు, రహదారి వేశారు. కరేమాకు కూతవేటు దూరంలో దొన్నాస్ దగ్గర ఆ దారి 220 మీటర్ల పొడవున బండలోంచి చెక్కింది చెక్కినట్టే ఇప్పటికీ ఉంది. బండ్ల చక్రాలు అరగదీసిన గాడులు, రాతి కమాను, ఆవోస్తా నుంచి 36 మైళ్లు అని చెప్పే మైలురాయి అక్కడ చూడవచ్చు. పక్క ఊరు పోన్ సేన్ మార్తేన్‌లో రోమన్ల కాలపు ఒంటి కమాను వంతెన నిలిచే ఉంది. గాల్ సరిహద్దుల్లో సరుకు విలువలో నలభయ్యో వంతు, లాటిన్‌లో 'క్వాద్రాజెసిమా', సుంకంగా వసూలు చేసేవారు. కరేమా పేరు ఆ సుంకం మాట నుంచి వచ్చి ఉండవచ్చని ఒక వాదన ఉంది.

మధ్యయుగంలో అదే దారి రోము యాత్రికుల బాట అయింది. 990 ప్రాంతంలో కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ సిగెరిక్ రోము నుంచి తిరిగి వెళుతూ తన మజిలీలు 79 రాయించాడు. వాటిలో ఇవ్రేయా, ఆవోస్తా ఉన్నాయి. ఈ బాటను ఇప్పుడు వియా ఫ్రాంచిజెనా అంటున్నారు. 1994లో ఐరోపా మండలి దీన్ని సాంస్కృతిక మార్గంగా గుర్తించింది. దారి అంటే బాటసారులు, సైనికులు, బండివాళ్లు. అందరికీ వైన్ కావాలి. కొండమీది ఊళ్లకు లేని అంగడి కరేమాకు గుమ్మం ముందే దొరికింది. గోడల మీద తరాల శ్రమ పెట్టడానికి ధైర్యం ఇచ్చింది అదే.

## పంపకాలు, తెగుళ్లు, వలస

ఊరిని బలహీనపరిచిన కారణాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ వచ్చాయి. వాటిలో వారసత్వ పంపకానిది నెమ్మదిగా పనిచేసే దెబ్బ. నెపోలియన్ పాలనలో పియెమాంటేకు వచ్చిన పౌర స్మృతి, ఆ తర్వాత 1865 నాటి ఇటలీ పౌర స్మృతి పిల్లలందరికీ ఆస్తిలో వాటా ఇచ్చాయి. న్యాయంగా ఇది ముందడుగే. కానీ మడులుగా ఉన్న కొండ మీద మూడు తరాల పంపకాలు జరిగితే ఒక్కొక్కరికి మిగిలేది ఇక్కడో నాలుగు స్తంభాలు, అక్కడో రెండు వరసలు. ఒకరి తోటలోకి పోవాలంటే ముగ్గురి తోటలు దాటాలి.

తెగుళ్లు వేగంగా కొట్టాయి. 19వ శతాబ్దం మధ్యలో బూడిద తెగులు, ఆ తర్వాత వేళ్లను తినే ఫిలాక్సెరా పురుగు ఐరోపా ద్రాక్షను కుదిపేశాయి. ఫిలాక్సెరా ఇటలీలో మొదటిసారి బయటపడింది 1879లో. అమెరికా రకాల వేరు మీద స్థానిక రకాన్ని అంటుకట్టడం తప్ప మందు లేదు. అంటే తోటంతా పీకి మళ్లీ నాటాలి, కాపు వచ్చేదాకా ఏళ్లు ఆగాలి. మైదానపు పెద్ద రైతు అప్పు చేసైనా ఆగగలడు. రెండు వరసల రైతు ఫ్రాన్సుకో అమెరికాకో కూలికి పోయాడు. ఇవ్రేయా చుట్టూ ఉన్న కనవేసే ప్రాంతమంతా ఆ వలస చూసింది. రెండు ప్రపంచ యుద్ధాలు మిగిలిన మగవాళ్లలో కొందరిని మింగాయి. ఒకప్పుడు వంద హెక్టార్లు దాటిన కరేమా తోటలు ఇప్పుడు 20 హెక్టార్ల లోపే.

## టైప్‌రైటర్ జీతం

కొండపాదపు ఊళ్ల గురించి రాసేటప్పుడు ఫ్యాక్టరీని ప్రతినాయకుడిగా చూపడం మామూలు. రైతును ఫ్యాక్టరీ లాక్కుంది, ఊరు ఖాళీ అయింది అంటారు. కరేమాలో జరిగింది అంత సూటిగా లేదు.

కరేమాకు పదిహేను కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న ఇవ్రేయాలో కమిల్లో ఒలివెట్టి 1908లో టైప్‌రైటర్ల కంపెనీ పెట్టాడు. కొడుకు అద్రియానో ఒలివెట్టి హయాంలో అది ప్రపంచ సంస్థ అయింది. 1950లో వచ్చిన లెత్తెరా 22 టైప్‌రైటర్ దేశదేశాలకు వెళ్లింది. అద్రియానో నమ్మకం ఒకటుంది: కార్మికుడు ఊరు వదిలి పట్టణంలో ఇరుక్కోనక్కర లేదు, ఊళ్లో ఉంటూనే ఫ్యాక్టరీకి రావచ్చు. కంపెనీ బస్సులు చుట్టుపక్కల గ్రామాల నుంచి పనివాళ్లను తెచ్చేవి. 1950ల మధ్యలో ఆయన పెట్టిన సంస్థ ఒకటి కనవేసే ఊళ్లలో చిన్న పరిశ్రమలకూ వ్యవసాయ సహకార సంఘాలకూ ఊతమిచ్చింది. 1956లో ఒలివెట్టి ఫ్యాక్టరీ వారపు పని గంటలను జీతం తగ్గించకుండా 48 నుంచి 45కు దించింది. దేశంలో మిగతావాళ్లు ఆ పని తర్వాత చేశారు.

ద్రాక్ష తోటకూ ఈ ఏర్పాటుకూ సంబంధం ఏమిటంటే, నెల జీతం వచ్చే మనిషికి తోట మీద లాభం రావలసిన అవసరం లేదు. తెల్లవారి ఫ్యాక్టరీ, సాయంత్రం, శని ఆదివారాలు తోట. చలికాలంలో కత్తిరింపు, వసంతంలో తీగ కట్టడం, అక్టోబరులో కోత. నాలుగు స్తంభాల తోట పూర్తికాలపు రైతుకు బతుకునివ్వదు. జీతగాడికి మాత్రం అది ఇంటి వైన్, నాన్న తోట, కాస్త చేతిఖర్చు. గోడ ఉబ్బితే శనివారం సరిచేస్తాడు. కూలి లెక్కగడితే ఎవరూ చేయించలేని మరమ్మతు ఇలా లెక్కలోకి రాకుండా జరిగిపోయింది.

1960లో ఊరి నెబ్బియోలో రైతులు సహకార సంఘం పెట్టుకున్నది ఈ నేపథ్యంలోనే. చిన్న కమతాల ఇబ్బందికి ఇది సూటి జవాబు. బస్తాడు కాయ పండించినవాడు పీపాలు, గోదాము, సీసాలు, అమ్మకం విడిగా పెట్టుకోలేడు, సంఘం పెట్టుకోగలదు. 1967లో కరేమా వైన్‌కు ప్రాంతీయ గుర్తింపు ముద్ర, ఇటలీలో దాన్ని డీ.ఓ.సీ. అంటారు, వచ్చింది. ఆ నిబంధనల ప్రకారం కనీసం 85 శాతం నెబ్బియోలో ఉండాలి. మామూలు రకానికి రెండేళ్లు, రిజెర్వా రకానికి మూడేళ్లు వైన్‌ను మాగబెట్టాలి. అంత కాలం డబ్బు కోసం ఆగడం ఒంటరి రైతు వల్ల కాదు.

ఈ ఏర్పాటు ఫ్యాక్టరీ ఉన్నంత కాలమే నడిచింది. అద్రియానో 1960లో చనిపోయాడు. టైప్‌రైటర్ కాలం దాటి కంప్యూటర్ల పోటీలో నిలవలేక ఒలివెట్టి 1990లలో కుంగింది. అప్పటికే తోట పని చేస్తున్నది తండ్రులు, తాతలు. పిల్లలు చదువుకుని టూరిన్, మిలాన్ వెళ్లారు. జీతం తోటను నిలబెట్టింది నిజమే, కానీ తోట మీద ఆధారపడాల్సిన పని లేకుండా చేసింది కూడా అదే. పిల్లలకు నేర్పాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు. 2018లో ఇవ్రేయాను 20వ శతాబ్దపు పారిశ్రామిక నగరంగా యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. ఆ ఫ్యాక్టరీల గోడలకు దక్కిన గౌరవం సబబే. అదే ఆలోచనలో సగమైన కొండమీది గోడలు మాత్రం ఆ జాబితాకు బయటే ఉన్నాయి.

## ఫ్యాక్టరీ లేని చోట: ఎల్వా

పోలికకు అదే పియెమాంటేలో కూనెయో జిల్లాలోని ఎల్వాను చూడవచ్చు. సుమారు 1,600 మీటర్ల ఎత్తున, బస్సులో వెళ్లి సాయంత్రానికి తిరిగివచ్చే దూరంలో పెద్ద ఫ్యాక్టరీ లేని ఊరు. అక్కడివాళ్లకు పొలం పట్టుకుని కూర్చోవడం లేదా మొత్తంగా దిగిపోవడం తప్ప మధ్యేమార్గం లేదు. 20వ శతాబ్దం మొదట్లో వెయ్యికి పైగా ఉన్న జనాభా ఇప్పుడు వంద లోపు.

కోవిడ్ తర్వాతి పునరుద్ధరణ నిధుల్లోంచి ఇటలీ ప్రభుత్వం 21 ఊళ్లను ఎంచి ఒక్కోదానికి 2 కోట్ల యూరోలు కేటాయించింది. పియెమాంటే వాటా ఎల్వాకు దక్కింది. దీని మీద చాలా చర్చ జరిగింది. అంత డబ్బును వేలాది చిన్న ఊళ్లకు పంచాల్సిందని కొందరు, పంచితే దేనికీ చాలదని కొందరు వాదించారు. రెండు వాదాల్లోనూ నిజముంది. కరేమా అనుభవంతో పోల్చి చూస్తే మరో ప్రశ్న ముందుకొస్తుంది. కట్టడాలకు పెట్టిన డబ్బు ఒకసారి ఖర్చవుతుంది. కొండ ఊరి అవసరం ఏటేటా వచ్చే మరమ్మతు. ఆ పని చేసేవాళ్లు అక్కడే ఉండి బతికే దారి, అంటే ఉద్యోగం, బస్సు, బడి, వైద్యుడు లేకపోతే బాగుచేసిన ఇల్లు సెలవుల ఇల్లు అవుతుంది. ఒక్క యూరో ఇళ్ల పథకానికీ ఇదే పరిమితి. ఇల్లు కొన్నవాళ్లు పైకప్పు బాగుచేస్తారు, పొలం గోడ వాళ్ల లెక్కలో ఉండదు.

## ఇప్పుడు మారుతున్నవి

గత పదేళ్లలో కరేమాలో కొంత కదలిక వచ్చింది. వదిలేసిన మడులను యువకులు కొందరు కౌలుకు తీసుకుని, రోబినియా చెట్లనూ ముళ్లపొదలనూ నరికి, మళ్లీ పందిరి వేస్తున్నారు. సొంత పేరుతో సీసా కడుతున్నారు. దీనికి వెనక రెండు మూడు శక్తులు కలిసి పనిచేస్తున్నాయి.

వాతావరణం మారింది. ఒకప్పుడు కరేమాలో నెబ్బియోలో సరిగా పండని ఏళ్లు తరచూ వచ్చేవి. ఉష్ణోగ్రతలు పెరగడంతో ఎత్తు ప్రదేశాల తోటలకు ఆ బెంగ తగ్గింది. ఇదే ద్రాక్షతో బరోలో వైన్ చేసే దక్షిణ పియెమాంటే కొండల్లో వేడి, కరువు కొత్త సమస్యలవుతుంటే, చల్లటి చోటి పలచని, సువాసన గల వైన్ మీద కొనుగోలుదారుల చూపు పడింది. ఇది నిలకడైన వరమని అనుకోకూడదు. వేడితో పాటు కుండపోత వానలూ పెరిగితే మొదట దెబ్బ తగిలేది గోడలకే. 2000 అక్టోబరు వరదల్లో ఆవోస్తా లోయ కొండచరియలతో ఎంత నష్టపోయిందో ఆ చుట్టుపక్కల వారికి గుర్తే.

బరోలోతో పోలిక ఇక్కడ అవసరం. అక్కడ 2,000 హెక్టార్లకు పైగా తోట, చాలాచోట్ల వరసల మధ్య ట్రాక్టరు తిరుగుతుంది. కరేమాలో నెత్తి మీది పందిరి కింద యంత్రం పట్టదు. ఒకే ద్రాక్ష, ఒకే ప్రాంతం, హెక్టారుకు పడే శ్రమ మాత్రం ఎన్నో రెట్లు. ధర ఆ తేడాను పూడ్చాలి. పూడ్చకపోతే మళ్లీ ఎవరో ఒకరి ఉచిత శనివారాల మీదే తోట ఆధారపడుతుంది.

చట్టం కూడా కొంత మారింది. 2016 నాటి ఇటలీ వైన్ చట్టం 238, ఏటవాలు మెట్ల తోటలను 'వీరోచిత', చారిత్రక ద్రాక్షతోటలుగా విడిగా గుర్తించి, వాటి సంరక్షణకు సాయం చేసే వీలు కల్పించింది. అదే ఏడాది పియెమాంటే ప్రాంతీయ ప్రభుత్వం భూ సంఘాల చట్టం 21 తెచ్చింది. రెండిట్లో ఇదే లోతైన మార్పు అనిపిస్తుంది. చిన్న చిన్న కమతాల యజమానులు హక్కు వదులుకోకుండానే సంఘంగా ఏర్పడి, భూములన్నిటినీ కలిపి సాగుకు ఇవ్వవచ్చు. నెపోలియన్ కాలం నుంచి ముక్కలవుతూ వచ్చిన కొండను అమ్మకాలు లేకుండా మళ్లీ అతికే ప్రయత్నం ఇది. అయితే సంఘం పెట్టడానికి ముందు యజమానులు దొరకాలి. తాత పేరున ఉన్న నాలుగు స్తంభాలకు ఫ్రాన్సులోనో అర్జెంటీనాలోనో మనవలుంటారు.

## ఇక ఏమవుతుంది

కరేమా తోటలు పాత విస్తీర్ణానికి తిరిగి వెళ్లే అవకాశం లేదు. అన్ని మడులనూ నిలబెట్టే చేతులు ఊళ్లో లేవు, అంత వైన్‌ను మంచి ధరకు కొనే అంగడి కూడా లేదు. ఎక్కువగా జరగబోయేది ఏరుకోవడం. దారికి దగ్గరగా, ఎండ బాగా తగిలే మడులు నిలుస్తాయి, పైవి అడవిలో కలుస్తాయి. ఇందులో చిక్కు ఏమిటంటే పైమడి కూలితే కింది మడి క్షేమంగా ఉండదు. కాబట్టి సాగులో లేని పై గోడలను కూడా ఎవరో ఒకరు చూసుకోవాలి, ఆ పనికి వైన్ అమ్మకం నుంచి డబ్బు రాదు. వాగు గట్టుకూ రోడ్డుకూ ఖర్చు పెట్టినట్టే దీనికీ ప్రజాధనం నుంచి ఏటా పద్దు ఉండాలన్న వాదన బలమైనది. కొండచరియ పడ్డాక తొలగించే ఖర్చు కూడా చివరికి ఆ ఖజానాదే.